గోడ వైపు తిరిగి కూర్చున్న రోజు

పాత పేటలో మాది చీరల అంగడి. అంగట్లో కూర్చున్నానంటే ఎవరికి ఏ చీర నప్పుతుందో మనిషి మెట్టెక్కేలోపే చెప్పేస్తాను. ఆకుపచ్చ కావాలని వచ్చినావిడ చేతిలో వంగపండు రంగు చీర పెట్టి పంపిస్తే, వారం తిరక్కుండా వాళ్ళ చెల్లెల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వస్తుంది. అదే నాకోసం ఒక చీర తీసుకోవాలంటే పండగలు దాటిపోతాయి. ఊరందరి తీర్మానాలూ నా నాలుక చివర ఉంటాయి గానీ నా సొంతానికి వచ్చేసరికి నోరు పెగలదు. మా ఆయన పెళ్ళయినప్పటినుంచీ దీన్ని పట్టుకుని ఎగతాళి చేస్తూనే ఉన్నాడు.

నాకు కోపం కూడా ఎక్కువే. ఆమధ్య రక్తపోటు చూసిన డాక్టరమ్మ, "కోపం వస్తే వెంటనే మాట్లాడకండి, ముందు గ్లాసుడు నీళ్ళు తాగండి" అంది. మనిషి మారడం ఎలాగో చెప్పే వీడియోలు ఫోనులో చాలానే చూశాను. తెల్లారి లేవమన్నారు, అనుకున్నవన్నీ రాసుకోమన్నారు, అద్దంలో మనల్ని మనమే మెచ్చుకోమన్నారు. అవన్నీ నాలుగు రోజుల ముచ్చట్లే. నిలబడింది ఈ నీళ్ళ గ్లాసు ఒక్కటే. నేను మాటమధ్యలో లేచి వంటింటి చెంబు వైపు నడిచానంటే మా ఇంట్లో అందరూ తలో గదిలోకి జారుకుంటారు.

మాది ఉమ్మడి ఇల్లు. మా అత్త, మేము, మా మరిది కుటుంబం. మరిది ఉద్యోగం ఊరికి ఆ చివర, వైట్‌ఫీల్డ్‌లో. పేట నుంచి అక్కడికి పోయి రావడంలోనే ఆయన బతుకు అయిపోతోంది. వాళ్ళ పాప తండ్రిని ఆదివారం తప్ప సరిగ్గా చూసేది కాదు. చివరికి ఆఫీసు పక్కనే ఫ్లాటు తీసుకుంటామన్నాడు. ఎవరూ కొట్లాడుకోలేదు, ఎవరూ ఏడవలేదు. ఇల్లూ అంగడీ సంగతి అన్నదమ్ములు ముందే మాట్లాడుకున్నారు. ఇక మిగిలింది ఇంట్లో సామాను. అది ఆడవాళ్ళ పని అని మా అత్త తేల్చేసింది.

మా అత్తకు నడుం వంగింది గానీ మాట వంగలేదు. "నేను ఉండంగానే భాగాలు అయిపోవాల. నా కండ్లతో సూడాల," అంది.

భాగాల విషయంలో ఈ ఇంటికి ఒక పద్ధతి ఉంది. పెద్దకోడలు సామానంతా రెండు కుప్పలుగా పెట్టాలి. చిన్నకోడలు తనకు కావలసిన కుప్ప ముందు ఎత్తుకోవాలి. మిగిలింది పెద్దకోడలిది. ఇంతవరకూ చాలా ఇళ్ళల్లో ఉండేదే. మా ఇంట్లో ఇంకో నియమం ఉంది. చిన్నకోడలు ఎంచుకుంటున్నంతసేపూ కుప్పలు పెట్టిన మనిషి గోడ వైపు తిరిగి కూర్చోవాలి. మాట్లాడకూడదు, దగ్గకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. మన ముఖం కనిపిస్తే ఎదుటి మనిషి మొహమాటపడి తనకు కావలసింది వదిలేసుకుంటుందని. మా అత్త కూడా తన తోడికోడలితో వేరుపడిన రోజు అదే గోడ వైపు తిరిగి కూర్చుందట. ఆ రోజు తనకు ఏం దక్కకుండా పోయిందో మాత్రం ఎంత అడిగినా చెప్పదు.

ఆ ఇంట్లో నాకు కావలసింది ఒక్కటే. దసరా బొమ్మలు. మా అత్త పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన రాజూ రాణీ, ఎర్ర కొయ్యతో చేసిన జంట. వాటి చుట్టూ ఏటేటా చేరిన మట్టి బొమ్మలు. అంగడి పెట్టుకున్న శెట్టీ శెట్టమ్మా, బాజా భజంత్రీలు, అంబారీ ఏనుగు. నేను కాపురానికి వచ్చిన మొదటి దసరాకు మా అత్త రాణిని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "చీర కట్టు" అంది. అంగట్లో మిగిలిన పట్టు ముక్క కత్తిరించి, సన్నగా కుచ్చిళ్ళు పెట్టి కట్టాను. కొత్త ఇంట్లో నా చేతికి వచ్చిన మొదటి పని అది. వంట రాదని, మాట పెడసరమని ఏవేవో అన్నారు గానీ, రాణి చీర చూసి ఎవరూ ఏమీ అనలేకపోయారు. అప్పటినుంచి ఆ పని ఇంకెవరినీ చేయనివ్వలేదు. ఆ బొమ్మలు పోతే ఆ ఇంట్లో నా చెయ్యి ఒకటి తీసేసినట్టే అనిపించింది.

నా తోడికోడలి పుట్టిల్లు హొసకోటె. మాట తక్కువ. చేతికి అందిన పని చేసుకుపోతుంది, ఏమైనా అడిగితే నవ్వుతుంది. ఆమెకు హాల్లో ఉన్న టేకు ఉయ్యాలంటే ప్రాణం. పాపను దానిమీదే నిద్రపుచ్చేది, బియ్యం దానిమీదే ఏరేది, ఫోను మాట్లాడినా దానిమీద కూర్చునే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందరికంటే బాగా నాకు తెలుసు.

అందుకని ఉయ్యాల దింపించి ఒక కుప్పలో పెట్టాను. దానికి తోడు వెండి దీపాలు, కొత్త గ్రైండరు, అద్దం బీరువా, ఫ్లాటులో పనికొచ్చేవన్నీ. రెండో కుప్పలో బొమ్మల పెట్టెలు, వాటిని పేర్చే మెట్ల చెక్కలు, ఇత్తడి అండాలు, గంగాళం, రుబ్బురోలు. పదో అంతస్తులో రుబ్బురోలు ఎవరు పెట్టుకుంటారు? అండాల్లో నీళ్ళు ఎవరు కాచుకుంటారు? విలువ కట్టిస్తే రెండు కుప్పలూ సమానమే, ఎవరూ వేలెత్తి చూపించలేరు. నేను చేసిందల్లా ఆమె ఇష్టాన్ని దృష్టిలో పెట్టుకోవడమే. ఇది మోసం కాదు, చీరలు అమ్మేవాళ్ళకు ఉండే మామూలు తెలివే అనుకున్నాను.

మా అత్త కర్ర పట్టుకుని రెండు కుప్పల చుట్టూ తిరిగింది. రుబ్బురోలు దగ్గర కొంచెంసేపు నిలబడింది.

"ఏ కుప్ప మిగిలినా నవ్వతా ఎత్తుకుంటావా?" అని అడిగింది.

"ఎత్తుకుంటానత్తా."

"ఊఁ. అయితే సరే. గోడ తట్టు తిరుగు."

తిరిగాను. ఎదురుగా పాత క్యాలెండరు మేకు, దాని కింద సున్నం పెచ్చు. వెనక నా తోడికోడలి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఉయ్యాల గొలుసు ఘల్లుమంది. హమ్మయ్య అనుకున్నాను. గొలుసు చేత్తో పట్టుకుంది, ఇక వదలదు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గొలుసు మెల్లగా నేలమీద పెట్టిన చప్పుడు. ఆపైన పెట్టె మూత కిర్రుమంది.

"నేను ఈ కుప్ప ఎత్తుకుంటానక్కా," అంది.

"తిరగమ్మా," అంది మా అత్త.

తిరిగి చూస్తే రాణి బొమ్మ ఆమె ఒళ్ళో ఉంది.

నేను నవ్వాను. మాట ఇచ్చాను కదా. ఆ నవ్వు అద్దంలో చూసుకుని ఉంటే నేనే జడుసుకునేదాన్ని. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగాను. చాలలేదు. కుండలోవి కూడా తాగాను.

సాయంత్రం అంగడి మూసి వచ్చిన మా ఆయనతో చెప్పుకుంటే, "కుప్పలు పెట్టింది నువ్వే కదా?" అన్నాడు. ఆ మాటకు ఆయనకు ఆ పూట చారూ అన్నమే, కూర లేదు.

ఉయ్యాల మళ్ళీ హాల్లోకి ఎక్కింది. ఇప్పుడది నాది. దానిమీద నేను ఒక్కరోజు కూడా కూర్చోలేదు. మా అత్త మాత్రం పొద్దస్తమానం కూర్చుని ఊగేది. ఆ గొలుసు కిర్రుమన్నప్పుడల్లా నాకు బొమ్మలే గుర్తొచ్చేవి. తోడికోడలు కావాలనే చేసింది అనుకునేదాన్ని. ఆ బొమ్మలంటే నాకు ఎంత ఇష్టమో తెలియదా? ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డామే! రాణికి చీర కట్టడం కూడా రాని మనిషికి బొమ్మలెందుకు? ఇలా లోపల లోపలే వాదించుకుని, ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. గెలిచినా హాయిగా ఉండేది కాదు.

దసరా వచ్చింది. మా వీధి ఆడవాళ్ళు ఎప్పటిలాగే సాయంత్రాలు వచ్చారు. బొమ్మలు ఏవీ అని అడిగారు. "చిన్నది ఎత్తుకుపోయింది," అన్నాను. ఆ మాట ఎలా అన్నానో వాళ్ళ ముఖాల్లో కనిపించింది. అయినా కూర్చున్నారు, కాఫీ తాగారు, ఒకరి కోడలి గురించి ఇంకొకరు చెప్పుకున్నారు, తాంబూలం తీసుకుని పోయారు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. బొమ్మలు లేవని ఎవరూ రావడం మానలేదు. అదేమీ నాకు అప్పుడు పట్టలేదు.

నాలుగో రోజు మా అత్త, "నా బొమ్మల్ని సూసి రావాల," అని పట్టుబట్టింది. దసరా బేరాల్లో మా ఆయన అంగడి వదిలి రాలేడు. ఆ గుమ్మం తొక్కకూడదని నేను మనసులో గట్టిగా అనుకుని ఉన్నాను గానీ, వంగిన నడుంతో ఆవిడను ఒక్కదాన్నే పంపలేను. మెజెస్టిక్‌లో మెట్రో మారి వెళ్ళాం. మా అత్త కిటికీలోంచి మేడల్ని చూస్తూ, "ఇంతమంది యాడ నుంచి వచ్చినారప్పా!" అనుకుంటూ కూర్చుంది.

ఫ్లాటు తలుపు తీసే ఉంది. గుమ్మానికి మామిడాకులు, లోపల మెట్లమీద బొమ్మలు, పక్కన పళ్ళెంలో పసుపు కుంకుమలు, గాజులు, రవికె గుడ్డలు. తప్పు పట్టడానికి సిద్ధమై వచ్చినదాన్ని కాబట్టి నా చూపు ముందు రాణి మీదికే పోయింది. కుచ్చిళ్ళు వంకరగా ఉన్నాయి. పైట కూడా వదులే. నా వేళ్ళు దురద పెట్టాయి.

తర్వాత మిగతావి కనిపించాయి. సోఫాలు ఖాళీ. గుగ్గిళ్ళ గిన్నెమీద పెట్టిన మూత తీయలేదు. కుంకుమ పళ్ళెంలో కుప్ప ఎక్కడా చెదరలేదు. నా తోడికోడలు పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, ఒక్కతే ఉంది.

"ఎవరూ రాలేదా?" అన్నాను.

"వస్తారక్కా. గ్రూపులో పెట్టినాను," అని ఫోను చూపించింది. ఆ మేడలో ఉండేవాళ్ళందరి గ్రూపు. బొమ్మల ఫొటో కింద దండాలు, పూలు, గుండెకాయ బొమ్మలు వరసగా ఉన్నాయి. "ఇంతమంది దండం పెట్టినారు. మూడు దినాలాయ. ఒక్కరూ రాలేదు."

నిజం చెప్పాలంటే నాకు లోపల ఒక మూల సంతోషం వేసింది. ఎత్తుకున్నావు కదా, అనుభవించు అనిపించింది. ఆ సంతోషం అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. ఆమె ఆ గిన్నె మూత తీసి, చల్లారిపోయిన గుగ్గిళ్ళు రెండు చిన్న గిన్నెల్లో వేసి, ముందు మా అత్తకూ తర్వాత నాకూ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఎప్పటిలాగే నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఊరుకోలేకపోయాను.

"నీకు ఉయ్యాలంటే ప్రాణం కదా. ఆ రోజు గొలుసు పట్టుకుని మరీ వదిలేశావు. ఈ బొమ్మలెందుకు ఎత్తుకున్నావు?"

ఆమె గిన్నెమీద మళ్ళీ మూత పెట్టింది.

"ఉయ్యాల మింద నేనొక్కదాన్నే కదక్కా ఊగేది. బొమ్మలుంటే దసరాకన్నా నలుగురు ఇంటికొస్తారని అనుకుంటి. ఈడ నాకు ఎవురు తెలుసు? ఆయన ఆఫీసుకు, పాప స్కూలుకు పోతే సాయంత్రందాకా నాతో మాట్లాడేకి మనిషి లేదు. మన పేటలో అయితే నువ్వు తిట్టేకన్నా ఉంటివి."

నేను కుప్పలు పెట్టిన రోజు ఆమెకు ఏది ఇష్టమో చూశాను. ఆమెకు ఏది లేకుండా పోబోతోందో చూడలేదు. నా గుమ్మానికి బొమ్మలు లేకపోయినా జనం వస్తారు. ఈ గుమ్మానికి బొమ్మలున్నా రావడం లేదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఎక్కడానికి మెట్రో ఎక్కి ఇంత దూరం రావలసి వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. నామీద నాకు కోపం కూడా వచ్చింది. చెంబు కోసం చూస్తే అది ఎక్కడుందో తెలియని వంటిల్లు.

సొంత విషయంలో నేను అప్పటికప్పుడు ఏదైనా తేల్చుకున్నానంటే అది ఆ పూటే. కుంకుమ భరిణె చేతిలోకి తీసుకున్నాను.

"గ్రూపులో పెడితే ఎవరొస్తారే? బొట్టు పెట్టి పిలవాలి. పద."

"ఈడ ఎవురూ అట్ల పోరక్కా. తలుపు కొడితే ఏమనుకుంటారో ఏమో."

"ఏమైనా అనుకోనీ."

"పోండి పోండి," అంది మా అత్త గుగ్గిళ్ళు నములుతూ. "బొమ్మల కాడ నేను కాపలా ఉంటా."

ఎదుటి తలుపు తీసింది ఒక తెలుగు పిల్ల. మెడలో ఆఫీసు కార్డు, చెవుల్లో ఫోను తాలూకు బిళ్ళలు. నా చేతిలో కుంకుమ చూడగానే వాటిని పీకేసింది. "అయ్యో, ఆ మెసేజ్ చూశానండీ! జస్ట్ ఫొటో షేర్ చేశారనుకున్నా. రావచ్చా అసలు?" బొట్టు పెట్టించుకుని, "మీది ఏ ఊరండీ? మీ తెలుగు భలే ఉంది," అంది. "ఈ ఊరేనమ్మా. మీరంతా రాకముందు నుంచీ ఈడనే ఉండాము," అన్నాను. అది కొంచెం కారంగానే వచ్చింది. ఆ పిల్ల మాత్రం పకపకా నవ్వింది.

ఒక తలుపు దగ్గర కన్నడంలో మాట్లాడాను. ఒక హిందీ అమ్మాయి దగ్గర మాటలు చాలక చేతులతోనే పిలిచాను. ఆమె నుదురు ముందుకు వంచింది. ఇంకో తలుపు దగ్గర ఏదో అమ్మడానికి వచ్చామనుకుని ముఖాన తలుపు వేశారు. నాకు సర్రున ఎక్కింది. అక్కడ నీళ్ళెక్కడివి? గుటక మింగి పక్క తలుపు కొట్టాను. అప్పటిదాకా నా వెనక దాక్కున్నట్టు నడుస్తున్న తోడికోడలికి భరిణె ఇచ్చి, "ఇల్లు నీది, నువ్వు పిలువు," అన్నాను.

ఆ తలుపు తీసింది ఒక పెద్దావిడ. నుదుట బొట్టు లేదు. మా చేతిలో కుంకుమ చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "కోడలు ఆఫీసుకు పోయిందమ్మా. వచ్చినాక చెప్తాను," అంది. మా వీధిలో ఇలాంటప్పుడు ఏం చేస్తామో నాకు తెలుసు. మర్యాదగా సరేనని, దూరం నుంచే తలూపి వచ్చేస్తాం. ఇక్కడ ఏం చేయాలా అని నేను ఇంకా తేల్చుకోలేదు. నా తోడికోడలు అప్పటికే గుమ్మంలోకి ఒక అడుగు వేసింది.

"మీరే రండమ్మా," అని ఆవిడ నుదుట బొట్టు పెట్టింది.

ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. కొంగు సర్దుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మా వెంటే వచ్చేసింది. ఎప్పుడూ మాట్లాడని నా తోడికోడలు, నేను ఆలోచించడం మొదలుపెట్టేలోపే చేయవలసింది చేసేసింది. ఇన్నేళ్ళూ ఈమెకు ఏమీ తెలియదనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు గుమ్మం బయట చెప్పులు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. గుగ్గిళ్ళు చాలక మళ్ళీ పొయ్యిమీద పెట్టాల్సి వచ్చింది. ఎదుటింటి పిల్ల ఆఫీసు ఫోను పక్కన పడేసి అందరికీ మజ్జిగ పంచింది. హిందీ అమ్మాయి ఏదో పాట పాడింది. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ తలలూపారు. నా తోడికోడలు ఒక్కొక్కరి పేరూ, ఏ అంతస్తో, పిల్లలు ఏ స్కూలో అడుగుతూ తిరుగుతోంది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

చెప్పుల్లేకుండా వచ్చిన పెద్దావిడ బొమ్మల ముందు చాపమీద కూర్చుంది. రాణి వైపు చాలాసేపు చూసింది.

"ఎంత కళగా ఉండాది! ఈ బొమ్మలు ఎవరివమ్మా?" అని నన్నే అడిగింది.

మావి అనే మాట గొంతుదాకా వచ్చింది. చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. ముందు అది తాగాను.

"మా చెల్లెలివి," అన్నాను.

వంటింటి గుమ్మంలో తోడికోడలు గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. మా అత్త నా వైపు చూసి, జరిగి, తన పక్కన చోటిచ్చింది. రాణి చీర కుచ్చిళ్ళు ఇంకా వంకరగానే ఉన్నాయి. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కూర్చున్నాను గానీ, ముట్టుకోలేదు.